చెమట ఆరని గది

ఫిన్లండ్‌లో సౌనా అనే వేడి స్నానపు గదిలో గాలి ఉష్ణోగ్రత 80 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. అక్కడి జనం అందులో పావుగంట సేపు కబుర్లు చెప్పుకుంటూ కూర్చుని తాపీగా లేచి వస్తారు. ఇస్తాంబుల్‌లో హమామ్ అనే ఆవిరి స్నానశాలలోని వేడిగది మహా అయితే 45, 50 డిగ్రీలు. అంకెల్లో దాదాపు సగం. అయినా మొదటిసారి అందులో కాలుపెట్టిన ప్రయాణికుడికి కాసేపటికే నుదుటి మీద బొట్లు కడతాయి. ఆ వెంటనే వీపు మీద ధారలు మొదలవుతాయి. ఇంకాసేపుంటే చాలు బాబోయ్, బయటపడదాం అనిపిస్తుంది. తక్కువ వేడి ఎక్కువగా ఎలా తగిలింది?

జవాబు గాలిలోని నీటి ఆవిరిలో ఉంది. ఆ ఆవిరిని పుట్టించి, పట్టి ఉంచి, మనిషి ఒంటిమీద పనిచేయించడానికి శతాబ్దాలుగా మెరుగుపడుతూ వచ్చిన యంత్రమే హమామ్. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మెల్లగా నడిపించడం, రాతి మీద పడుకోబెట్టడం, సబ్బు పెట్టకముందే ఒళ్ళు రుద్దడం, తొట్టిలో సబ్బు పడనివ్వకపోవడం, చివర్లో తువ్వాళ్ళు చుట్టి కూర్చోబెట్టడం, ఇవన్నీ చూడ్డానికి ఆచారాల్లా ఉంటాయి. ఆరా తీస్తే ఒక్కోదానికి ఒక్కో భౌతిక కారణం కనబడుతుంది. ఆ కారణాలు తెలుసుకుని వెళ్ళినవాళ్ళకి అక్కడ బెరుకు సగం తగ్గుతుంది.

నేల కింద పొయ్యి

ఇస్తాంబుల్ పాతబస్తీలో, కాన్‌స్టాంటిన్ చక్రవర్తి నిలబెట్టిన స్తంభం పక్కనే చెంబర్లితాష్ హమామ్ ఉంది. ఒట్టోమన్ సుల్తాన్ మూడవ మురాద్ తల్లి నూర్‌బాను సుల్తాన్ కట్టించిన ఆ హమామ్ 1584లో పూర్తయింది. రూపకల్పన మిమార్ సినాన్‌ది అంటారు. సులేమానియే మసీదు కట్టిన వాస్తుశిల్పి ఆయనే. ఆయా సోఫియా ఎదురుగా హుర్రెమ్ సుల్తాన్ పేరుమీద 1556–57లో కట్టిన హమామ్ కూడా సినాన్ పనే. ఈ కట్టడాల్లో పైకి కనిపించే గుమ్మటాల కన్నా ఆసక్తికరమైన భాగం కంటికి కనిపించదు. అది నేల కింద ఉంటుంది.

వేడిగది గోడకి అవతలివైపు కుల్హాన్ అనే కొలిమి ఉంటుంది. దాని మీద నీళ్ళ తొట్టి, తొట్టి అడుగున మంట తగిలేలా అమర్చిన రాగి బాన. పొయ్యిలోని వేడి వాయువులు సూటిగా పొగగొట్టంలోకి పోకుండా ముందు వేడిగది నేల కిందికి వెళ్తాయి. అక్కడ పొట్టి రాతి స్తంభాల మీద, ఇటుక దిమ్మల మీద నేలను ఎత్తి నిలబెట్టి ఖాళీ వదులుతారు. తుర్కులు ఆ ఖాళీని జెహెన్నెమ్లిక్ అంటారు, అంటే నరకం. వాయువులు ఆ నరకమంతా తిరిగి, గోడల్లో పొదిగిన మట్టి గొట్టాల్లోంచి పైకెక్కి, కప్పు మీదినుంచి బయటికి పోతాయి. గొట్టాల్లో పైకి లేచే వేడి గాలే వెనకాలి పొగను లాక్కుంటుంది కాబట్టి వేరే ఊదుడు యంత్రం అక్కర్లేదు. పొగ కొంచెం కూడా గదిలోకి రాదు. నేల, గోడలు మాత్రం వేడెక్కి, గదిలోని మనిషికి అన్ని వైపులనుంచీ వేడిని ప్రసరిస్తుంటాయి. నీళ్ళ తొట్టికీ వేడిగదికీ మధ్య గోడలో ఒక కంత ఉంటుంది. తొట్టిలోంచి లేచే ఆవిరి అందులోంచి గదిలోకి వస్తుంది.

ఈ పద్ధతి తుర్కులు కనిపెట్టింది కాదు. రోమన్లు నేల కింద వేడి పంపే స్నానశాలలు సామ్రాజ్యమంతటా కట్టారు. వాటిని ఎలా కట్టాలో క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలోనే విట్రూవియస్ తన వాస్తు గ్రంథంలో వివరించాడు. చల్లటి గది, గోరువెచ్చటి గది, వేడి గది అన్న వరస కూడా వాళ్ళదే. తూర్పు రోమన్లనుంచి అది ఉమయ్యద్ అరబ్బులకు చేరింది. జోర్డాన్ ఎడారిలోని ఖుసైర్ అమ్రాలో 8వ శతాబ్దపు స్నానశాల, దాని నేల కింది ఖాళీతో సహా, ఇవాళ్టికీ నిలిచి ఉంది. అక్కడినుంచి సెల్జుక్ తుర్కులకు, ఆపైన ఒట్టోమన్లకు అందింది. ఈ ప్రయాణంలో ఒక పెద్ద మార్పు జరిగింది. జనం దిగి స్నానం చేసే కొలను పోయింది. ఆ సంగతికి మళ్ళీ వద్దాం.

మూడు గదుల దారి

హమామ్‌లో మొదటి గది జామెకాన్. ఎత్తైన కప్పు, చుట్టూ బట్టలు మార్చుకునే చెక్క గదులు, చాలాచోట్ల మధ్యలో చిన్న ఫౌంటెన్. ఇక్కడ ఒంటిమీది బట్టలు విప్పి పెష్తెమాల్ చుట్టుకోవాలి. గళ్ళ నేతతో పల్చగా ఉండే నూలు బట్ట అది. మందపాటి తువ్వాలు ఆవిరి గదిలో నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది. పల్చటి నేత బట్ట తడిసినా తేలికగానే ఉంటుంది, పిండితే తొందరగా ఆరుతుంది. మగవాళ్ళు స్నానం ముగిసేదాకా దాన్ని విప్పకూడదు. ఆడవాళ్ళ వైపు కొన్నిచోట్ల లోదుస్తులతో ఉంటారు. స్త్రీలకూ పురుషులకూ వేర్వేరు భాగాలు ఉండడం పాత పద్ధతి. ఒకే భాగం ఉన్న చిన్న హమామ్‌లలో వేర్వేరు వేళలు ఉంటాయి. మగవాళ్ళకి స్నానం చేయించే మనిషిని తెల్లాక్ అనీ, ఆడవాళ్ళకి చేయించే ఆమెను నాతిర్ అనీ పిలుస్తారు. పర్యాటకుల కోసం నడిచే చోట్ల పద్ధతి మారవచ్చు కాబట్టి డబ్బు కట్టకముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

కాళ్ళకి ఒకప్పుడు నాలిన్ అనే ఎత్తు చెక్క పావుకోళ్ళు ఇచ్చేవాళ్ళు. సంపన్నుల పావుకోళ్ళ మీద ముత్యపుచిప్ప పొదిగి ఉండేది. చెక్క వేడిని సరిగా ప్రవహింపనివ్వదు, ఎత్తు వల్ల సబ్బునీళ్ళు పాదాలకి అంటవు. ఇప్పుడు చాలాచోట్ల ప్లాస్టిక్ చెప్పులు ఇస్తున్నారు. తడిసిన పాలరాయి మీద జారిపడడమే హమామ్‌లో అన్నిటికన్నా మామూలు ప్రమాదం. తాపీగా నడవాలి.

రెండోది సోవుక్‌లుక్, గోరువెచ్చటి గది. తొందరపడేవాళ్ళు దాన్ని వరండాలా దాటిపోతారు. కానీ దానికి రెండు పనులున్నాయి. ఒకటి కట్టడం కోసం. చల్లటి గదికీ వేడి గదికీ మధ్య ఇది అడ్డుతెర. తలుపులు చిన్నవిగా, ఒకదానికొకటి ఎదురు పడకుండా పెడతారు. అందువల్ల ఒక తలుపు తెరిచినా లోపలి ఆవిరి ఒక్కసారిగా బయటికి పోదు. రెండోది ఒంటి కోసం. వేడికి చర్మంలోని రక్తనాళాలు మెల్లగా విచ్చుకుంటాయి, గుండె తన వేగాన్ని సర్దుకుంటుంది. ఇక్కడ కొన్ని నిమిషాలు కూర్చున్నవాళ్ళకి లోపలి గదిలో తల తిరగడం తక్కువ.

మూడోది సిజక్లిక్. వేడిగది.

ఉక్కపోతకి పరాకాష్ఠ

మన శరీరం లోపలి ఉష్ణోగ్రత 37 డిగ్రీల దగ్గర, చర్మం ఉష్ణోగ్రత 33 నుంచి 35 మధ్య ఉంటాయి. చుట్టూ గాలి అంతకన్నా చల్లగా ఉంటే వేడి దానంతటదే బయటికి పోతుంది. గాలి వేడిగా ఉంటే శరీరానికి మిగిలే ఒకే ఉపాయం చెమట. ఒక గ్రాము చెమట ఆవిరి కావాలంటే సుమారు 2,400 జౌళ్ళ శక్తి కావాలి. ఆ శక్తిని చర్మం నుంచే తీసుకుంటుంది కాబట్టి చర్మం చల్లబడుతుంది. అదే గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.2 జౌళ్ళు చాలు. రెండు అంకెల్నీ పక్కపక్కన పెడితే చెమట ఆరడం ఎంత బలమైన శీతలీకరణో తెలుస్తుంది.

ఇందులో ఒక షరతు ఉంది. చెమట పట్టడం వల్ల చల్లబడం, ఆరడం వల్ల చల్లబడతాం. సౌనాలో గాలి విపరీతమైన వేడిగా ఉన్నా పొడిగా ఉంటుంది. చెమట పుట్టింది పుట్టినట్టే ఆరిపోతుంది. అందుకే 90 డిగ్రీల్లో కూర్చోగలుగుతారు. హమామ్‌లో ఆ దారి మూసుకుపోతుంది.

లెక్క వేసి చూద్దాం. 45 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి పట్టి ఉంచగల నీటి ఆవిరి సుమారు 65 గ్రాములు. 35 డిగ్రీల దగ్గర సుమారు 40 గ్రాములే. వేడిగదిలో తేమ 80 శాతం ఉందనుకున్నా ఘనపు మీటరులో 52 గ్రాముల ఆవిరి తిరుగుతుంటుంది. ఆ గాలి 35 డిగ్రీల చర్మాన్ని తాకగానే అంత ఆవిరిని మోయలేక, అదనంగా ఉన్నదాన్ని నీటి బొట్లుగా ఒంటి మీద వదిలేస్తుంది. అంటే లోపలికి వెళ్ళిన కొద్దిసేపటికి ఒంటి మీద కనిపించే తడి అంతా చెమట కాదు. అందులో కొంత గదిలోని ఆవిరి మన మీద నీరై కూర్చున్నది. ఆవిరి నీరైనప్పుడు గ్రాముకి అదే 2,400 జౌళ్ళను చర్మానికి ఇచ్చేస్తుంది. చల్లబరచాల్సిన ప్రక్రియ ఇక్కడ తిరగబడి వేడెక్కిస్తుంది. 45 డిగ్రీలు అంత గట్టిగా తగలడానికి కారణం ఇదే.

కోస్తా జిల్లాల ఉక్కపోతలో పెరిగినవాళ్ళకి ఈ సంగతి అనుభవంలో ఉన్నదే. శాస్త్రజ్ఞులు దీన్ని తడి బల్బు ఉష్ణోగ్రతతో కొలుస్తారు. థర్మామీటరు బల్బుకి తడిగుడ్డ చుట్టి, గాలి వీచేలా చేస్తే చూపించే అంకె అది. ఆ అంకె 35 డిగ్రీలు దాటితే ఆరోగ్యవంతుడైన మనిషి కూడా నీడలో ఊరికే కూర్చున్నా తన వేడిని వదిలించుకోలేడని 2010లో స్టీవెన్ షెర్వుడ్, మాథ్యూ హ్యూబర్ లెక్కగట్టారు. 2022లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయంలో యువకుల మీద చేసిన ప్రయోగాల్లో తేమ ఎక్కువున్న వాతావరణంలో ఆ హద్దు ఇంకా కిందే, సుమారు 31 డిగ్రీల దగ్గరే ఉందని తేలింది. హమామ్ వేడిగది ఈ రెండు హద్దుల్నీ దాటే ఉంటుంది. అందులో ఉన్నంతసేపూ శరీరం వేడిని కూడబెట్టుకుంటూనే ఉంటుంది. కాబట్టి అక్కడ ఎంత సేపు ఉండాలన్నది ఓర్పుకి పరీక్ష కాకూడదు. పది, పదిహేను నిమిషాలకి ఒంటి మీద నీళ్ళు పోసుకోవడం, గోరువెచ్చటి గదిలోకి వచ్చి కూర్చోవడం, మళ్ళీ వెళ్ళడం తెలివైన పద్ధతి. తల తేలిపోతున్నట్టున్నా, వికారంగా ఉన్నా వెంటనే లేచి రావాలి.

పాలరాయి ఎందుకు?

వేడిగది మధ్యలో ఎనిమిది పలకలుగానో గుండ్రంగానో ఉండే పాలరాతి అరుగు గోబెక్ తాషి. వచ్చినవాళ్ళని దాని మీద పడుకోమంటారు. పాలరాయి చెక్క కన్నా దాదాపు 20 రెట్లు మెరుగ్గా వేడిని ప్రవహింపజేస్తుంది. సౌనాలో కూర్చునే బల్లలు చెక్కవి కావడానికి కారణం అదే. 90 డిగ్రీల గదిలో రాతి బల్ల ఉంటే ఒళ్ళు కాలిపోతుంది. చెక్క అంతే వేడిగా ఉన్నా ఆ వేడిని చర్మానికి అందించడంలో నిదానం.

హమామ్‌లో అవసరం తలకిందులు. అక్కడ రాయి తన వేడిని వీపుకి ఇవ్వాలి. కాకపోతే ఆ వేడి చాలా సన్నటి హద్దులో ఉండాలి. చర్మం ఎంత వేడికి ఎంతసేపట్లో కాలుతుందో 1947లో మొరిట్జ్, హెన్రిక్స్ అనే పరిశోధకులు కొలిచారు. 44 డిగ్రీల దగ్గర చర్మం దెబ్బతినడానికి 6 గంటల దాకా పడుతుంది. 60 డిగ్రీల దగ్గర 5 సెకన్లు చాలు. ఈ రెంటి మధ్య ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ వ్యవధి గబగబా తగ్గిపోతుంది. అందుకే అరుగు మరీ వేడెక్కితే పనివాళ్ళు నీళ్ళు గుమ్మరిస్తారు, కింద పెష్తెమాల్ పరుస్తారు. పొయ్యికి దగ్గరగా ఉన్న వైపు ఎక్కువ వేడిగా ఉంటుంది. కొత్తవాళ్ళు అరచేత్తో తడిమి చూసుకుని అంచువైపు పడుకోవడం మేలు.

రాతికి ఇంకో గుణం ఉంది. ఘనపు మీటరు పాలరాయి 2,700 కిలోల బరువు. అంత బరువు ఒకసారి వేడెక్కితే గంటల తరబడి చల్లారదు. ఒక్కసారిగా వేడెక్కదు కూడా. చల్లారిపోయిన పెద్ద హమామ్‌ను తిరిగి వాడుకలోకి తేవడానికి రోజులు పడుతుంది. ఈ ఒక్క గుణం హమామ్ ఎవరికోసం, ఎలా నడవాలో కూడా నిర్ణయించింది.

ముందు కెసె, తర్వాత సబ్బు

ఒళ్ళు బాగా నానాక తెల్లాక్ చేతికి కెసె అనే గరుకు సంచి తొడుక్కుని వస్తాడు. పాతకాలం కెసెలు ముతక పట్టుతోనో మేక వెంట్రుకలతోనో నేసేవాళ్ళు. భుజం నుంచి మణికట్టు దాకా, మెడ నుంచి నడుము దాకా పొడుగ్గా లాగి రుద్దుతుంటే ఒంటి మీద బూడిదరంగు నలకలు చుట్టలు చుట్టుకుని లేస్తాయి. మొదటిసారి చూసినవాళ్ళకి సిగ్గేస్తుంది, ఇన్నాళ్ళూ ఇంత మురికితో తిరిగానా అని. సిగ్గుపడాల్సిన పని లేదు. ఆ చుట్టల్లో ఎక్కువ భాగం మృతకణాలు.

చర్మం పైపొర మందం చాలాచోట్ల ఒక మిల్లీమీటరులో వందో వంతు నుంచి యాభయ్యో వంతు దాకా మాత్రమే ఉంటుంది. కెరటిన్ నిండిన చదునైన మృతకణాలు పది, ఇరవై వరసలుగా పేర్చుకుని ఉంటాయి. అడుగున పుట్టిన కణం పైకి చేరి రాలిపోవడానికి సుమారు నెల పడుతుంది. ఆవిరిలో కెరటిన్ నీరు పీల్చి ఉబ్బుతుంది, పై వరసల్లో కణానికీ కణానికీ మధ్య పట్టు సడలుతుంది. అప్పుడు గరుకు బట్టతో రుద్దితే ఎలాగూ రాలాల్సిన వరసలు ఒక్కసారిగా ఊడి, చెమటతో, చర్మపు నూనెతో కలిసి చుట్టలవుతాయి. భోగి నాడో దీపావళి నాడో నూనె రాసి సున్నిపిండితో నలుగు పెట్టినప్పుడు ఒంటి మీదినుంచి రాలే నలకలు కూడా ఇవే. మన పద్ధతిలో నూనె మెత్తబరిస్తే పిండి ఆ నూనెను పీల్చుకుని గరుకుదనం ఇస్తుంది. వాళ్ళ పద్ధతిలో ఆవిరి మెత్తబరిస్తే బట్ట గరుకుదనం ఇస్తుంది.

సబ్బు ముందే పెడితే ఈ పని జరగదు. సబ్బునీరు చర్మానికీ బట్టకీ మధ్య పొరలా నిలిచి రాపిడిని తగ్గించేస్తుంది, కెసె జారిపోతుంది. అందుకే వేడిగదిలోకి వెళ్ళగానే సబ్బు అందుకునే పర్యాటకుణ్ణి పనివాళ్ళు వారిస్తారు.

రుద్దుడు గట్టిగా ఉంటే ఓర్చుకోవాల్సిన అవసరం లేదు. మెల్లగా అనడానికి తుర్కీలో యవాష్ అంటారు. ఆ ఒక్క మాట చాలు. పైపొర ఉన్నది ఒంట్లోని నీటిని కాపాడడానికీ, బయటి సూక్ష్మజీవుల్ని ఆపడానికీ. దాన్ని అతిగా గీకితే మంట, దురద వస్తాయి. అదే రోజు గడ్డమో కాళ్ళో గీసుకుని వెళ్తే ఉప్పు చెమట చురుక్కుమనిపిస్తుంది. ఎండకి కమిలిన చర్మం మీద, పుండ్ల మీద, తామర ఉన్నచోట కెసె వద్దనడమే మంచిది.

కెసె అయ్యాక నురుగు వంతు. దిండు గలీబులాంటి పల్చటి గుడ్డసంచిని సబ్బునీళ్ళలో ముంచి, గాలిలో ఊపి, నోరు బిగించి, పైనుంచి కిందికి పిండుతారు. సంచి నేతలోని సన్నటి కంతల్లోంచి గాలి బయటికి వస్తూ లక్షల బుడగలవుతుంది. ఒక్క పిండుకే ఒళ్ళంతా కప్పేంత నురుగు. సబ్బు అణువులు నీటి తలతన్యతను సగానికన్నా తక్కువకి దించేస్తాయి కాబట్టి అంత పల్చటి బుడగలు పగలకుండా నిలబడతాయి. నురుగులో ఎక్కువ భాగం గాలే. అందువల్ల కొద్దిపాటి సబ్బుతో పని జరుగుతుంది, అప్పుడే పైపొర ఊడిన చర్మానికి గాఢమైన క్షారం తగలదు, మర్దన చేసే చెయ్యి సాఫీగా జారుతుంది. ఆ సబ్బు సంప్రదాయంగా ఆలివ్ నూనెతో చేసింది.

కొలను ఎందుకు తీసేశారు?

రోమన్ స్నానశాలల్లో జనం ఒకే కొలనులో దిగేవాళ్ళు. అంత గొప్ప ఏర్పాట్లు ఉన్నా ఆ కాలంలో జనానికి పురుగుల బెడద తగ్గలేదు. కేంబ్రిడ్జి పరిశోధకుడు పియర్స్ మిచెల్ తవ్వకాల్లో దొరికిన ఆధారాలను పరిశీలించి, రోమన్ పాలనలో పేగు పురుగులు, పేలు, నల్లులు తగ్గిన జాడ లేదని 2016లో ప్రకటించారు. అరుదుగా నీళ్ళు మార్చే వెచ్చటి కొలనులు అందుకు ఒక కారణం కావచ్చని ఆయన ఊహ.

ఇస్లాం సంప్రదాయంలో శుద్ధికి పారే నీరు శ్రేష్ఠం. అందుకని హమామ్‌లో కొలనుకి బదులు గోడవెంట కుర్నాలు వచ్చాయి. కుర్నా అంటే పాలరాతి తొట్టి. పైన వేడినీళ్ళకీ చన్నీళ్ళకీ రెండు కుళాయిలు, అడుగున నీరు పోయే కంత లేదు. కుళాయి పారుతూనే ఉంటుంది, తొట్టి నిండి అంచుల మీదుగా పొర్లుతుంది. లోహపు గిన్నెతో నీళ్ళు ముంచి ఒంటి మీద పోసుకోవాలి. తొట్టిలో కాలు పెట్టడం, సబ్బు చేతులు ముంచడం, ఒంటి మీదినుంచి జారిన నీళ్ళు అందులో పడనివ్వడం తప్పు. ఈ నియమం పాటిస్తే ఒకరి ఒంటిని కడిగిన నీరు ఇంకొకరికి తగలదు. సూక్ష్మజీవుల సంగతి లోకానికి తెలియడానికి ఎంతో ముందే ఒక మత నియమం ప్రజారోగ్యానికి ఈ మేలు చేసింది.

గుమ్మటం చేసే పనులు

వేడిగదికి కిటికీలు ఉండవు. ఉంటే ఆవిరి నిలవదు. వెలుతురు కోసం గుమ్మటంలో చిన్న చిన్న రంధ్రాలు చేసి గాజు మూతలు బిగిస్తారు. తుర్కీ మేస్త్రీలు వాటిని ఏనుగు కళ్ళు అంటారు. పొద్దు కదిలేకొద్దీ వాటిలోంచి పడే కాంతి స్తంభాలు ఆవిరిలో స్పష్టంగా కనబడతాయి. సన్నటి నీటి తుంపరలు కాంతిని నలుదిక్కులా చెదరగొట్టడం వల్ల వెలుతురు దారి మన కంటికి కనిపిస్తుంది.

గుమ్మటం ఆకారానికీ పనుంది. ఆవిరి పైకప్పుకి తగిలి నీరవుతుంది. కప్పు చదునుగా ఉంటే ఆ చల్లటి బొట్లు కింద పడుకున్నవాళ్ళ మీద టపటపా రాలతాయి. వంపు కప్పు మీద చాలా బొట్లు గోడలవైపు జారిపోతాయి.

ఇంత తడిలో మామూలు సున్నపు గార ఎక్కువ కాలం నిలవదు. ఒట్టోమన్ మేస్త్రీలు సున్నంలో ఇటుక పొడి కలిపిన హొరాసాన్ గార వాడారు. కాల్చిన మట్టిలోని సిలికా, అల్యూమినా సున్నంతో చర్య జరిపి, నీళ్ళలో కూడా గట్టిపడే బంధకాన్ని తయారుచేస్తాయి. మన పాత ఆనకట్టల్లో, వంతెనల్లో, కోటల్లో వాడిన సుర్ఖీ గార రసాయనం కూడా ఇదే.

ఆరోగ్యానికి ఎంత మంచిది?

వేడిలో చర్మానికి వెళ్ళే రక్తం విపరీతంగా పెరుగుతుంది. మామూలుగా నిమిషానికి అర లీటరుకి లోపే ఉండే ప్రవాహం తీవ్రమైన వేడిలో 6 నుంచి 8 లీటర్ల దాకా పోగలదు. అంత రక్తాన్ని తిప్పడానికి గుండె వేగంగా కొట్టుకుంటుంది. నాళాలు విచ్చుకోవడం వల్ల రక్తపోటు తగ్గుతుంది. అరుగు మీదినుంచి దిగ్గున లేస్తే కళ్ళు బైర్లు కమ్మడం ఇందువల్లే. ముందు లేచి కూర్చుని, కాసేపాగి నిలబడాలి.

కండరాలు సడలడం, కీళ్ళ బిగువు తగ్గడం నిజమే. ఒంట్లోని విషాలన్నీ చెమటలో కొట్టుకుపోతాయన్న ప్రచారంలో మాత్రం నిజం లేదు. చెమటలో ఉండేది నీరు, ఉప్పు, స్వల్పంగా ఇతర పదార్థాలు. రక్తాన్ని శుద్ధి చేసే పని కాలేయానిది, మూత్రపిండాలది. బయటికొచ్చి తూకం వేసుకుంటే తగ్గినట్టు కనిపించే బరువు నీటిది, రెండు గ్లాసులు తాగితే తిరిగి వస్తుంది.

వేడి స్నానాల లాభాల గురించి తరచుగా చెప్పేది ఫిన్లండ్ పరిశోధన. కువోపియో ప్రాంతంలో 2,315 మంది మధ్యవయస్కులైన మగవాళ్ళను సుమారు 20 ఏళ్ళు గమనించి 2015లో ఫలితాలు ప్రచురించారు. వారానికి 4 నుంచి 7 సార్లు సౌనా చేసినవాళ్ళలో గుండెజబ్బు మరణాలు తక్కువగా కనిపించాయి. కానీ అది గమనించి చెప్పిన సంబంధమే, కారణాన్ని రుజువు చేసిన ప్రయోగం కాదు. పైగా అది పొడి వేడి, జీవితాంతం ఉన్న అలవాటు. ప్రయాణంలో ఒకసారి చేసిన హమామ్ స్నానానికి దాన్ని అంటగట్టలేం.

గుండెజబ్బు అదుపులో లేనివాళ్ళు, రక్తపోటు చాలా తక్కువగా ఉండేవాళ్ళు, గర్భిణులు, జ్వరం ఉన్నవాళ్ళు వైద్యుణ్ణి అడగకుండా వేడిగదిలోకి వెళ్ళకూడదు. మద్యం తాగి వెళ్ళడం ఎవరికీ మంచిది కాదు. కడుపునిండా తిని వెళ్ళకూడదు, మరీ ఖాళీ కడుపుతోనూ వద్దు.

తువ్వాళ్ళు, టీ

కడిగి తుడిచాక పొడి తువ్వాళ్ళు తలకీ భుజాలకీ చుట్టి మొదటి గదిలో కూర్చోబెట్టి టీ ఇస్తారు. రైలు వేళ అయిందనో, ఇంకో చోటు చూడాలనో చాలామంది ఈ అంకాన్ని ఎగ్గొడతారు. నాళాలు ఇంకా విచ్చుకునే ఉన్నాయి, చెమట ఇంకా ఆగలేదు. అప్పుడే వీధి గాలిలోకి పోతే ఒళ్ళు వణుకుతుంది, తల తిరగవచ్చు. తువ్వాలు కింద చెమట మెల్లగా ఆరుతూ, లోపలి వేడి నిదానంగా దిగుతుంది. వేడిగదిలో దాదాపు నిలిచిపోయిన శీతలీకరణ ఇక్కడ మొదలవుతుంది.

ఆ రాత్రి నిద్ర బాగా పట్టడానికి కూడా ఇదే మూలం. నిద్రకు ముందు శరీరం లోపలి ఉష్ణోగ్రత సహజంగానే తగ్గుతుంది. వేడి స్నానం చర్మానికి రక్తం రప్పించి, ఆ తర్వాత వేడిని బయటికి పంపడం ద్వారా ఆ తగ్గుదలను తొందరపెడుతుంది. పడుకోవడానికి గంట, రెండు గంటల ముందు 40 నుంచి 42.5 డిగ్రీల నీళ్ళతో స్నానం చేసినవాళ్ళకి సగటున 10 నిమిషాలు ముందే నిద్ర పడుతోందని ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో పాత అధ్యయనాలను క్రోడీకరించి చెప్పారు. హమామ్‌కి సాయంత్రం వేళ ఎంచుకోవడానికి ఇది మంచి కారణం.

ఒక పొయ్యి, ఊరందరికీ

రాతి కట్టడం ఆలస్యంగా వేడెక్కుతుంది, ఆలస్యంగా చల్లారుతుంది అని చెప్పుకున్నాం. ఒక కుటుంబం వారానికోసారి స్నానం చేయడానికి అలాంటి గదిని వేడి చేస్తే కట్టెలన్నీ గోడలకే సరిపోతాయి. రోజంతా వందమంది వస్తూ పోతూ ఉంటే అదే పొయ్యి గిట్టుబాటవుతుంది. హమామ్ ఊరుమ్మడి సొత్తు కావడానికి మతం, సంస్కృతి ఎంత కారణమో ఈ లెక్క కూడా అంతే కారణం. ఆగని గిరాకీ, ఆగని రాబడి. అందుకే ఒట్టోమన్ రాజకుటుంబాలు ధర్మకార్యాలకు నిధులు వచ్చేలా హమామ్‌లు కట్టించాయి. 1741లో సుల్తాన్ మొదటి మహ్మూద్ కట్టించిన జాలోలు హమామ్ రాబడి ఆయా సోఫియాలోని ఆయన గ్రంథాలయానికి వెళ్ళేది. ఇస్తాంబుల్‌లో కట్టెలకీ నీళ్ళకీ కొరత పెరగడంతో 1768లో సుల్తాన్ మూడవ ముస్తఫా పెద్ద హమామ్‌ల నిర్మాణాన్ని ఆపించాడు.

పొయ్యి రోజంతా మండాలంటే జనం రోజంతా రావాలి, వచ్చినవాళ్ళు చల్లారేదాకా కూర్చోవాలి. కూర్చున్నచోట కబుర్లు పుడతాయి. 1717లో సోఫియా నగరంలో ఆడవాళ్ళ హమామ్‌ని చూసిన ఆంగ్ల రచయిత్రి లేడీ మేరీ వర్ట్లీ మాంటెగ్యూ దాన్ని ఆడవాళ్ళ కాఫీ హౌస్‌గా వర్ణించింది. 

ఈ కట్టడకళ దక్కనుకీ వచ్చింది. ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి వచ్చిన తుర్క్‌మన్ వంశీకుడు సుల్తాన్ కులీ స్థాపించిన గోల్కొండ రాజ్యంలో, కుతుబ్‌షాహీ సమాధుల తోటలో, 16వ శతాబ్దపు హమామ్ ఉంది. వేడినీళ్ళకీ చన్నీళ్ళకీ తొట్లు, మట్టి గొట్టాలు, మధ్యలో 12 పలకల అరుగు అందులో చూడవచ్చు. రాజకుటుంబీకుల భౌతికకాయాలకి అంత్యస్నానం చేయించిన చోటుగా దాన్ని చెప్పుకుంటూ వచ్చారు. ఇస్తాంబుల్‌కి వెళ్ళేముందు ఒకసారి అక్కడ తిరిగి చూస్తే హమామ్ అంతర్నిర్మాణం ఆవిరి అడ్డం లేకుండా అర్థమవుతుంది.

ఇంటింటికీ వేడినీళ్ళ కుళాయి వచ్చాక ఊరుమ్మడి పొయ్యికి అవసరం తీరిపోయింది. చాలా హమామ్‌లు మూతపడ్డాయి, కొన్ని దుకాణాలయ్యాయి. హుర్రెమ్ సుల్తాన్ హమామ్ కొన్నాళ్ళు తివాచీల అంగడిగా ఉండి 2011లో తిరిగి స్నానశాల అయింది. 16వ శతాబ్దపు జెయ్‌రెక్ చినిలి హమామ్‌ను 13 ఏళ్ళు మరమ్మతు చేసి 2023లో తెరిచారు. వీటిలో చాలా వరకు ఇప్పుడు పర్యాటకుల డబ్బుతో నడుస్తున్నాయి. ధర ఎక్కువని గొణుక్కునేవాళ్ళు పాత లెక్కనే గుర్తు చేసుకోవాలి. పొయ్యిలో కట్టె పోయి గ్యాస్ వచ్చినా రాయి బరువు తగ్గలేదు. ఒక్కరు వచ్చినా వందమంది వచ్చినా దానికి కావలసిన వేడి దాదాపు అంతే. వచ్చేవాళ్ళు తగ్గినకొద్దీ ఆ ఖర్చులో ఒక్కొక్కరి వాటా పెరుగుతుంది. ఇప్పటికీ ఇరుగుపొరుగు జనం వచ్చిపోయే చిన్న హమామ్‌లు ఇస్తాంబుల్ పేటల్లో ఉన్నాయి. ధర తక్కువ, హంగులు తక్కువ, వేడి, ఆవిరి, కెసె మాత్రం అవే. మొదటిసారి వెళ్ళేవాళ్ళు రెండు రకాల్నీ వాకబు చేసి ఎంచుకోవచ్చు.